పోశం సీసా

మా ఇల్లు సిరిసిల్లలో సాంచాల వాడలో ఉంది. సాంచాలంటే మరమగ్గాలు. పక్కింట్లో నాలుగు, ఎదురింట్లో ఎనిమిది, పొద్దంతా ఆడుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టాలకు ఆ మోతతో తల పగిలిపోతుంది. నాకు మాత్రం ఆ మోత కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికే ఈ కాగితాలు తీసుకుని కూర్చున్నాను.

నేను చాలా ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేశాను. తర్వాత జగిత్యాలలో నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందుకే ముందు ఒక చిన్న పాఠం చెబుతాను. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

చెట్టు మీద నుంచో, బండి మీద నుంచో పడితే పక్కటెముకలు విరుగుతాయి. విరిగిన ఎముక మొన ఊపిరితిత్తిని పొడిస్తే అందులోంచి గాలి కారుతుంది. ఆ గాలి ఒంటి బయటికి రాదు. రొమ్ము గోడకూ తిత్తికీ నడుమ చిక్కుకుంటుంది. దారి లేక పెరిగి పెరిగి తిత్తిని నలిపేస్తుంది, ఆ తర్వాత గుండెను పక్కకు నెడుతుంది. అందుకని డాక్టర్లు పక్కలో చిన్న కోత పెట్టి రబ్బరు గొట్టం దూరుస్తారు. గొట్టం రెండో కొస నేల మీద పెట్టిన గాజు సీసాలో, నీళ్ళ లోపల మునిగి ఉంటుంది. లోపలి గాలి బుడగలై బయటికి వస్తుంది. నీళ్ళు అడ్డం ఉన్నాయి కాబట్టి బయటి గాలి లోపలికి పోదు. సీసా ఎప్పుడూ మంచం కన్నా కిందే ఉండాలి. పైకెత్తితే ఆ నీళ్ళు రొమ్ములోకి పోతాయి.

ఇంకొక్క మాట. పెద్ద ఆపరేషన్‌కు మత్తు ఇచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీయడు. మేము రబ్బరు సంచి నొక్కి గాలి ఊదుతాం. చిల్లు పడ్డ తిత్తిలోకి గాలి ఊదితే చిల్లులోంచి ఇంకా ఎక్కువ కారుతుంది. అప్పుడు ఆ గొట్టం తెరిచి ఉండాలి. మూసుకుని ఉంటే మనం ఇచ్చే ఒక్కో ఊపిరీ ఆ మనిషిని చంపుతుంది. మన చేతులతోనే.

పాఠం అయిపోయింది. ఇక జరిగింది చెబుతాను.

తొంభై నాలుగు, మార్చి నెల. కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద ముప్పై పడకల ప్రైవేటు దవాఖాన ఒకటి ఉండేది. పేరు రాయను. ఇప్పుడు ఆ గోడల మధ్య పసుపు బస్తాలు ఉన్నాయి. అప్పుడు కూడా ఆ నెలలో చుట్టుపక్కల కల్లాల్లో పసుపు ఉడకేసే వాసన కిటికీల్లోంచి వార్డుల్లోకి వచ్చేది. తడిమట్టిని ఆవిరి పట్టినట్టుండే వాసన.

నా పెనిమిటి భీవండి సాంచాలకు పోయి అప్పటికి రెండేళ్ళు. ఉత్తరం లేదు, మనిషి జాడ లేదు. నా బిడ్డ జ్యోతికి ఏడేళ్ళు. నా కొలువు పోతే మా ఇద్దరికీ కూడు లేదు. ఇది నా తప్పుకు సాకుగా చెప్పడం లేదు. లెక్కలో ఉన్న అంకెను చెరపకూడదు కాబట్టి రాస్తున్నాను.

పోశం అనే గీత కార్మికుణ్ణి ఎడ్లబండిలో తెచ్చారు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. తాడిచెట్టు మీద ఉండగా మోకు తెగింది. మోకు అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు. కుడివైపు పక్కటెముకలు నాలుగు, కుడి తొడ ఎముక విరిగాయి. రోజూ చెట్టును కావలించుకుని ఎక్కి ఎక్కి అతని చేతుల లోపలివైపూ, రొమ్మూ కాయలు కాసి ఉన్నాయి. ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉండేది. గొట్టం వేశాం. సీసాలో బుడబుడమని బుడగలు వచ్చాయి. ఊపిరి నిమ్మళించింది. మూడో రోజు పొద్దున పదింటికి తొడకు ఆపరేషన్ పెట్టారు.

అతన్ని తీసుకుపోదామని వార్డుకు వెళ్ళాను. సీసా నేల మీద లేదు. కిటికీ చువ్వకు, నా తల ఎత్తున, తాడు ముక్కతో కట్టి వేలాడుతోంది. నీళ్ళు గొట్టంలో సగం దాకా పాకాయి. ఇంకా లోపలికి పోలేదు. ఆ మాట గుర్తుంచుకోండి. ఇంకా పోలేదు.

"ఎవరు కట్టిండ్రు దీన్ని?"

పోశం తల్లి కొమురవ్వ మంచం పక్క నుంచి లేచింది. "నేనే సిస్టరమ్మా. గిప్పుడే కట్టిన. కుక్కొకటి మంచాల కింద తిరుగుతాంది. లొట్టి కిందుంటే మూతి పెట్టదా?"

"ఇది కల్లు లొట్టి కాదు."

"నీళ్ళున్నయి, నురుగస్తున్నది, మాకు లొట్టే. గౌండ్లోళ్ళం, మేము లొట్టిని నేలకు పెట్టం. మీదికే కడ్తం."

పోశం మంచంలోంచి నవ్వబోయి పక్క పట్టుకున్నాడు. "మా అవ్వ ముడి ఎవ్వలతోని ఊడది సిస్టర్. నువ్వెంత గుంజినా ఊడది."

నాకు నవ్వు రాలేదు. వార్డంతా వింటుండగా ఆమెను తిట్టాను. "కొడుకును చంపుకుంటవా? అక్కల్ ఉన్నదా నీకు? మనుషుల్ల పుట్టినవా, అడవిల పుట్టినవా?"

"పడ్డ కొడుకు పక్కకు కూసున్న తల్లిని. మాట జర మంచిగ రానియ్యి," అంది కొమురవ్వ.

"మంచి మాటొకటే తక్కువైంది నీకు."

ముడి నిజంగానే ఊడలేదు. కత్తెరతో తాడు కోసేశాను. ముడి ఉన్న ముక్క చువ్వకే ఉండిపోయింది.

మనిషిని ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మార్చేటప్పుడు సీసా ఒరిగిపోతుందని గొట్టాన్ని పట్కారుతో బిగించేవాళ్ళం. ఆ రోజుల్లో మాకు అట్లా నేర్పారు. కత్తెర లాంటిదే అది, కోయదు, పట్టుకుంటుంది. పిడి దగ్గర మూడు పళ్ళుంటాయి, టిక్, టిక్, టిక్ అని బిగుసుకుంటుంది. నా పట్కారు మీద 'బా' అని సూదితో గీసుకున్నాను, బాలమణి అని. థియేటర్లోకి పోగానే దాన్ని విప్పి, బయటికి వినపడేటట్టు 'తీసిన' అనడం నా అలవాటు. ఒక్కనాడు కూడా తప్పలేదు.

ఆ రోజు థియేటర్లోకి పోతూ కూడా నేను కొమురవ్వనే తిడుతున్నాను. నోరు ఆ పనిలో ఉంది.

మత్తు డాక్టరు జలపతి గారు. నెమ్మదైన మనిషి. సూది మందు ఇస్తూ అడిగారు, "సీసా మంచిగున్నదా బాలమణీ?"

"ఉన్నది సార్," అన్నాను. చూడలేదు. అప్పటికే ఆకుపచ్చ బట్టలు కప్పేశారు.

సంచి నా చేతిలో ఉంది. మొదట మెత్తగా ఉంది. పది ఊపిర్లు, ఇరవై ఊపిర్లు. తర్వాత కొంచెం గట్టిపడింది. ఇంకొంచెం. పిండి ముద్దలా ఉన్నది కాస్తా బంతిలా అయింది.

"సార్, నొక్కుతుంటే పోతలేదు."

"గట్టిగ నొక్కు."

నొక్కాను. రెండు చేతులతో నొక్కాను. పోశం మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కుడి రొమ్ము పైకి లేచి... మళ్ళీ దిగలేదు.

పావుగంటలో అంతా అయిపోయింది.

సర్జనూ, జలపతి గారూ చేతులు కడుక్కోవడానికి పోయారు. నేను బట్ట ఎత్తి చూశాను. గొట్టం మీద నా పట్కారు. మూడో పన్ను దాకా బిగిసి ఉంది.

విప్పాను. సీసాలో బుడగలు పొంగాయి. లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తోంది, అందులో వింతేమీ లేదు. ఒక రొమ్ములో పట్టే గాలి ఎంత? అర నిమిషంలో ఆగిపోవాలి. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఒక నిమిషం... మూడు నిమిషాలు... ఆగలేదు. ఆ తర్వాత బుడగలు ఆగి, నీళ్ళు గొట్టంలో పైకి లేచాయి. దిగాయి. మళ్ళీ లేచాయి.

ఊపిరి తీసేవాడి సీసాలోనే నీళ్ళు అట్లా ఆడతాయి.

గొట్టం పీకేశాను. సీసా మోరీలో ఒంపేశాను. పులిసిన కల్లు వాసన వచ్చింది.

బయట కొమురవ్వ నిలబడి ఉంది. జలపతి గారు నా వైపు చూసి, "ఏమైంది బాలమణీ, నీళ్ళు లోపలికి పోయినయా?" అన్నారు. ఆయన నాకు దారి చూపలేదు, నిజంగానే అడిగారు. నేను ఆ దారి పట్టుకున్నాను.

"ఆమె సీసా మీదికి కట్టింది సార్. నీళ్ళు రొమ్ములకు పోయినయి."

కొమురవ్వ ఏడవలేదు. తన చేతులు తాను చూసుకుంది. ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు.

ఆ సాయంత్రం బస్సు దిగి పట్కారును కాకతీయ కాలువలో విసిరేశాను.

*

పదకొండేళ్ళు గడిచాయి. పోశం తమ్ముడు రాజేశం ఇక చెట్టెక్కనని ఒట్టు పెట్టుకుని మస్కట్ పోయాడని విన్నాను. ఆ ఊళ్ళలో అప్పుడు మగవాళ్ళు మిగిలిందే తక్కువ. రెండు వేల అయిదులో అతని కంపెనీ మూసేసి అందరినీ ఇంటికి పంపింది. ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఊళ్ళో దొరికింది ఒక్కటే పని, అన్న గీసిన తాడిచెట్లు గీయడం.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. చెట్టు మీద నుంచి పడ్డ రాజేశాన్ని ఆటోలో మా దవాఖానకే తెచ్చారు. కుడివైపు పక్కటెముకలు నాలుగు. అదే వైపు, అన్నే. పొట్టలో కూడా రక్తం కారుతోంది. కరీంనగర్ దాకా ఆగే మనిషి కాదు. దానికి తోడు గాలిదుమారం లేచి రోడ్డు మీద చెట్లు పడ్డాయి. గొట్టం వేసి, ఇక్కడే పొట్ట తెరవాలని సర్జన్ అన్నారు.

కొమురవ్వ వచ్చింది. మనిషి సగమైంది. నన్ను చూసింది, పలకరించలేదు. సీసా నేల మీద పెడుతూ, "అవ్వా, జర గీ గొట్టం పట్టుకో, ఎత్తకు," అన్నాను.

చేతులు కొంగులో దాచుకుంది. "నేను ముట్ట. గివి కొడుకును చంపిన చేతులు గదా. నువ్వే జెప్పినవ్."

గొట్టం నేనే పట్టుకున్నాను.

"ఈని సీసా నువ్వే పట్టుకో," అంది. "నేను సూస్త."

థియేటర్ కిటికీలకు ఆకుపచ్చ రంగు వేసి ఉండేది. బయట దుమారానికి ఎండ పోయి, లోపల నీటి అడుగున ఉన్నట్టుగా అయింది. కరెంటు పోయింది. పోశం నాటి నుంచీ థియేటర్ పనులు చూసే సామేలు, పెద్ద మనిషి, జెనరేటర్ దగ్గర నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"సిస్టరమ్మా, గీ జెనరేటరు కొత్తల్లుడోలె ఉన్నది. బతిమాలితెగని లేస్తలేదు."

ఒక్క లైటు వెలిగింది, మినుకుమినుకుమంటూ. అందరం కొంచెం నవ్వాం. అదే ఆఖరు నవ్వు.

పట్కారు తీశాను. 'తీసిన' అని గట్టిగా అన్నాను. సామేలును పిలిచి చూపించాను. పళ్ళెంలో ఉన్న పట్కార్లు లెక్కపెట్టాను. ఆరు. తెచ్చినవి ఆరే.

జలపతి గారు మత్తు ఇచ్చారు. సంచి నా చేతికి ఇచ్చారు.

మెత్తగా ఉంది. కింద సీసాలో బుడగలు వినపడుతున్నాయి. పది ఊపిర్లు. ఇరవై. నేను మనసులో లెక్కపెడుతున్నాను.

ఇరవై ఆరు దగ్గర బుడగల చప్పుడు ఆగింది.

సంచి గట్టిపడింది.

"సార్..."

"గొట్టం చూడు."

సంచి ఆయన చేతికిచ్చి, వంగి, బట్ట ఎత్తాను. చీకటి. చేత్తో తడిమాను. గొట్టం మీద చల్లగా ఇనుము తగిలింది. పట్కారు. మూడో పన్ను దాకా.

విప్పి తెచ్చి పళ్ళెంలో వేశాను. బుడగలు మళ్ళీ మొదలయ్యాయి. పళ్ళెం వైపు చూశాను. ఏడు ఉన్నాయి.

ఏడోది తడిగా ఉంది. దానికి కాలువ నాచు అంటుకుని ఉంది. పిడి మీద 'బా'.

"ఏంది బాలమణీ?" అన్నారు జలపతి గారు.

"ఏం లేదు సార్."

సంచి తీసుకున్నాను. పులిసిన కల్లు వాసన... థియేటర్లో స్పిరిటు వాసనే ఉంటుంది, ఇంకే వాసనా ఉండదు. పది ఊపిర్లు. పద్నాలుగు.

టిక్.

బట్టల కింద.

టిక్.

నేను ఆగిపోయాను.

టిక్.

సంచి రాయిలా అయింది. రాజేశం మెడ నరాలు లేచాయి. "బీపీ పడిపోతున్నది, గొట్టం చూడుమంటున్న గదా," అని జలపతి గారు మొదటిసారి నా మీద గొంతు పెంచారు. మళ్ళీ వంగాను. మళ్ళీ బట్ట కిందికి చేయి పెట్టాను. పట్కారు ఉంది. దాని పిడి మీద ఇంకొక చేయి ఉంది.

లోపలివైపు గరుకు కాగితంలా ఉంది ఆ చేయి.

గుంజుకోబోయాను. అది వదలలేదు. నా వేళ్ళను పిడికి అదిమి పట్టుకుంది. ఎంత చల్లగా ఉందో... ఎండాకాలం ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది. చెవి దగ్గర ఊపిరి తగిలింది. ఊపిరి తీసుకోవడమే, విడవడం లేదు. తీసుకుంటూనే ఉంది.

"అవ్వకు చెప్పినవా?"

అంతే. గుసగుసగా. కోపం కూడా లేదు అందులో. కోపం ఉంటే ఇంత భయపడకపోదును.

చేయి వదిలింది. నేను లేచి నిలబడ్డాను. "బాలమణీ, ఎక్కడికి? సంచి ఎవరు పట్టుకుంటరు?" అని సర్జన్ అరుస్తున్నా వినకుండా తలుపు తోసుకుని బయటికి వచ్చాను.

కొమురవ్వ గోడకు ఆనుకుని కూర్చోలేదు. తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. నేను వస్తానని తెలిసినట్టు.

"అవ్వా, నువ్వు సీసా మీదికి కట్టినందుకు పోశం సావలే," అన్నాను. "నీళ్ళు లోపలికి పోలే. నేను సూసిన."

"మరెందుకు సచ్చిండు?"

"గొట్టానికి పట్కారు పెట్టి ఉండె. తీసుడు మరిచిండ్రు."

"ఎవరు మరిచిండ్రు?"

తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి జలపతి గారి వంగిన వీపు కనపడుతోంది. ఒక చేత్తో సంచి నొక్కుతూ, ఇంకొక చేత్తో నాడి చూస్తూ అవస్థ పడుతున్నారు. జగిత్యాలలో టీచరుగా నాకు ఆర్డరు వచ్చి నాలుగు రోజులు కాలేదు. జ్యోతికి సంబంధం కుదిరి నెల కాలేదు. ఒక్క పేరు. ఒక్క పేరు చెబితే చాలు.

"జలపతి సారు," అన్నాను.

కొమురవ్వ నా మొహం కేసి చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనక ఉన్న ఎవరితోనో అన్నట్టు, మెల్లగా అంది.

"ఇన్నవా? జలపతి సారట."

నా వెనక ఎవరూ లేరు. తలుపు మాత్రం ఊగుతోంది, ఇప్పుడే ఎవరో లోపలికి పోయినట్టు.

నేను మళ్ళీ లోపలికి పోయేసరికి సంచి మెత్తబడింది. సీసాలో బుడగలు వస్తున్నాయి. పళ్ళెంలో పట్కార్లు ఆరే ఉన్నాయి. రాజేశం బతికాడు. పన్నెండో రోజు నడిచి ఇంటికి పోయాడు.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం, అన్నం తిని కుర్చీలో కునుకు తీస్తూ జలపతి గారు పోయారు. గుండె అన్నారు. ముందుగా చూసింది సామేలు. సాయంత్రం మెట్ల కింద బీడీ ముట్టించుకుంటూ నాతో అన్నాడు.

"సారు మెడ నరాలు తాళ్ళోలె ఉబ్బినయి సిస్టరమ్మా. కుడి రొమ్ము ఒక్కటే మీదికి లేసి ఉన్నది, దిగలే. గిట్లాంటి సావు నేను ఇంతకు ముందు ఒక్కటే సూసిన."

నేను వార్డు వైపు తిరిగాను.

"నువ్వు గూడ సూసినవ్," అని లేచి పోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

*

జగిత్యాలలో పాఠాలు చెప్పినన్ని రోజులూ ప్రతి బ్యాచికీ ఈ మాట చెప్పాను: మత్తు ఇచ్చి సంచి నొక్కేటప్పుడు గొట్టం మూయకండి, మనిషిని మార్చేటప్పుడు కూడా సీసాను కిందికి పట్టుకుని తీసుకుపోండి, పట్కారు పెట్టకండి. ఎందుకో చెప్పాను. ఎవరి వల్ల నేర్చుకున్నానో చెప్పలేదు.

ఇప్పుడు జ్యోతి దగ్గరే ఉంటున్నాను. సాంచాలు ఆడినంతసేపూ బాగుంటుంది. ఆర్డర్లు లేక ఆగినప్పుడో, కరెంటు పోయినప్పుడో ఆ నిశ్శబ్దంలో నాకు బుడబుడ వినపడుతుంది. ముసలితనం అనుకున్నాను. చెవులు అనుకున్నాను.

నా మనవరాలు అక్షిత మత్తు టెక్నీషియన్ కోర్సులో చేరింది. నేను వద్దన్నాను. "నీ పనే గద అమ్మమ్మా," అంది. పోయిన గురువారం డ్యూటీ నుంచి వచ్చి సంచిలోంచి ఏదో తీసి నా ఒళ్ళో పెట్టింది.

"గిది నీదట. థియేటర్ తలుపు కాడ ఒక ముసలామె ఇచ్చింది."

తడిగా ఉంది. నాచు. 'బా'.

"ఎవరామె?"

"ఎరుకలే. రెండు చేతులు కొంగుల దాసుకొని నిలవడ్డది, గిది ఇచ్చేటప్పుడే బయటికి తీసింది. మళ్ళ తిరిగి సూస్తే లేదు. ఎవరు మరిచిండ్రో మీ అమ్మమ్మను ఇంకొకసారి అడుగు, అన్నది. ఏం మరిచినవ్ అమ్మమ్మా?"

ఆ రాత్రంతా మేలుకున్నాను. తెల్లారి మెట్‌పల్లి బస్సెక్కి కొమురవ్వ వాళ్ళ ఊరికి పోయాను. రాజేశం ఇంటి ముందు నులకమంచం అల్లుతున్నాడు. జుట్టు నెరిసింది.

"అవ్వ ఏది?" అన్నాను.

"అవ్వ పోయి ఏడేండ్లాయె."

అక్కడే, నిలబడే, మొత్తం చెప్పాను. పట్కారు నాదేనని. మరిచింది నేనేనని. జలపతి గారు ఏ పాపం ఎరగరని. రాజేశం నులక గుంజుతూనే ఉన్నాడు. అంతా విని తలెత్తాడు.

"నాకెందుకు జెప్తున్నవ్ సిస్టర్? నేను అడగలే గదా. అడిగినోళ్ళకు జెప్పు."

కూర్చోమని కూడా అనలేదు.

అడిగినవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. అందుకని రాస్తున్నాను. పోశం గొట్టానికి పట్కారు పెట్టి తీయడం మరిచింది నేను. బాలమణిని. కొమురవ్వ కాదు, జలపతి గారు కాదు. ఎవరు చదివితే వాళ్ళు ఇది గట్టిగా, బయటికి వినపడేటట్టు చదవండి.

ఈ మాట రాస్తుండగా కరెంటు పోయింది. పట్టపగలు, మూడు గంటలు. పక్కింటి సాంచాలు ఆగాయి. ఎదురింటివి ఆగాయి. వాడంతా ఒక్కసారి నోరు మూసుకుంది. జ్యోతి బజారుకు పోయింది. అక్షిత రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపలి అర్రలో పడుకుంది.

బుడబుడ.

నా చెవుల్లో కాదు. లోపలి అర్రలో.

పోయి చూశాను. మంచం కింద నేల పొడిగా ఉంది. ఏమీ లేదు. చప్పుడు కింద నుంచి రావడం లేదు. తలెత్తాను. కిటికీ చువ్వకు, నా తల ఎత్తున, తాడు ముక్క కట్టి ఉంది. పాతది. కొస కత్తెరతో కోసినట్టుంది. ముడి విప్పబోయాను. ఎంత గుంజినా ఊడడం లేదు.

బుడబుడ ఆగిపోయింది.

"అక్షితా," అని పిలిచాను. పలకలేదు. దుప్పటి కుడి రొమ్ము మీద పైకి లేచింది.

అది దిగడం కోసం చూస్తున్నాను.